మంద దిగిన చెలక

పంచాంగాన్ని అడిగితే వసంతం చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వస్తుందంటుంది. జనగామ నుంచి చేర్యాల వైపు ఎర్రనేలల్లో ఒక్క పొద్దు నడిచి చూడండి, చెట్లు ఆ తేదీ దాకా ఆగవని తెలుస్తుంది. కాముని పున్నమి ఇంకా వారం పది రోజులుందనగానే మోదుగ ఆకంతా రాల్చేసి కొమ్మ కొమ్మకూ నారింజరంగు పువ్వు తొడుక్కుంటుంది. బూరుగు పూలలో తేనె కోసం గోరింకలూ కాకులూ తగవులాడుకుంటుంటాయి. రావి కొత్త ఆకు రాగి రంగులో మెరుస్తుంటుంది. మామిడి పూత నిలిచిందా, మంచుకు మాడిందా అనే చర్చ ప్రతి అరుగు మీదా నడుస్తుంటుంది. మా స్నేహితులకు వసంతమంటే ఆ రోజులే. పంచాంగం మీద గౌరవం ఉంది, చెట్ల మీద ఇంకాస్త ఎక్కువ ఉంది.

ఎండలు ముదరబోతుంటే పొలాల్లో నడకేమిటి, వానలు పడి పచ్చగా ఉన్నప్పుడు వెళ్లొచ్చు కదా అని మీరడగొచ్చు. వెళ్లొచ్చు. కానీ అప్పుడు నడిచేది ఒడ్ల మీదే. పంట ఉన్న చేలో మనిషికీ గొడ్డుకూ కాలు పెట్టే వీలుండదు, ఉండకూడదు కూడా. ఫాల్గుణం నాటికి సంగతి మారిపోతుంది. కంది కోసి, కొట్టి, గింజలు ఇంటికి చేరుస్తారు. పత్తి చివరి ఏరుడు కూడా అయిపోతుంది. చెరువు కింద, బోర్ల కింద యాసంగి వరి మాత్రం పచ్చగా మిగులుతుంది. మిగతా చెలక చుట్టూ వేసిన ముళ్లకంప పక్కకు జరుగుతుంది. ఇక మృగశిర కార్తె వాన పడేదాకా ఆ నేల మీద ఎవరు నడిచినా ఎవరూ కసురుకోరు. ఏ పట్టాదారు పాసుపుస్తకంలోనూ ఈ మాట రాసి ఉండదు. అయినా ఊళ్లన్నీ దాన్ని పాటిస్తూ వచ్చాయి. మా నడకకు దారి ఇచ్చింది ఆ ఏర్పాటే. ఆ దారిన మాకంటే ముందు వెళ్లే హక్కు ఎవరిదో కాసేపట్లో చెబుతాను.

ఈ నడకలో మేం ఐదుగురం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, హైదరాబాదులోనే పుట్టి పెరిగి పొలాన్ని రైలు కిటికీలోంచి తప్ప చూడని ఒక అబ్బాయి, ఆ ఊరి బిడ్డే అయిన మా మిత్రుడు, నేను. మిత్రుడి అమ్మగారు తెల్లవారకముందే జొన్నరొట్టెలు చేసి, ఎల్లిపాయ కారంతో మూట కట్టి ఇచ్చింది. “ఎండెక్కకముందే మర్రుండ్రి” అన్నది. ఆ ఒక్క మాటా మేం వినలేదు.

చెరువు కట్ట దిగుతుండగా ముందు బర్రెలు ఎదురయ్యాయి. నీళ్లలోకి వెళ్లేవి కొన్ని, వెళ్లి మెడ దాకా మునిగి కళ్లు మూసుకున్నవి కొన్ని. బర్రెకు చెమట గ్రంథులు ఆవుకంటే తక్కువ, పైగా నల్లటి తోలు వేడిని బాగా పీల్చుకుంటుంది. అందుకే ఎండ పొడలో దానికి నీళ్లూ బురదా తిండంత అవసరం. చెరువులు ఎండిన ఏడు బర్రె పాలు తగ్గాయని ఊళ్లలో చెప్పుకునే మాటకు ఇదో కారణం. అందులో ఒక పాడిబర్రె, పక్కనే దుడ్డె, దారికి అడ్డంగా నిలబడి మా వైపే మూతి చాచి వాసన చూసింది. మా బ్యాంకు ఆవిడ మెడలో ఎర్ర చున్నీ ఉంది. గబగబా తీసి సంచిలో కుక్కబోయింది. ఎరుపు చూస్తే మీదికొస్తాయని అందరం విన్నదే కదా.

అసలు విషయం వేరు. ఆవు, బర్రె లాంటి పశువుల కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. మనకు కనిపించే ఎరుపు వాటికి ఎరుపుగా కనిపించదు. వాటిని బెదరగొట్టేది రెపరెప. చున్నీ మెడలో ఊరికే ఉన్నంతసేపూ దుడ్డెకు గానీ తల్లికి గానీ పట్టలేదు. దాన్ని లాగి విసురుగా మడవబోయినప్పుడే తల్లి చెవులు నిటారుగా లేచాయి. మిత్రుడు చెయ్యి పట్టి ఆపాడు. మేం దుడ్డెకూ తల్లికీ మధ్య పడకుండా, తల్లి వైపు నుంచి దూరంగా చుట్టు తిరిగి వెళ్లాం. పిల్ల ఉన్న ఏ పశువు దగ్గరైనా ఈ పద్ధతి తప్పనిసరి. అది మనల్ని తరమాలని చూడదు, పిల్లకూ తనకూ మధ్య ఎవరూ ఉండకూడదని మాత్రమే చూస్తుంది.

వరి మడులు దాటి చెలకల్లోకి ఎక్కాక అసలు కథ మొదలైంది.

ముందు ధూళి కనిపించింది. తర్వాత మెడగంటలు వినిపించాయి, ఒకటి అరా మాత్రమే. గుట్ట మలుపు తిరిగేసరికి రెండు మూడు వందల గొర్రెలు పత్తికట్టెల మధ్య నుంచి మా మీదికే వస్తున్నాయి. మధ్యలో కొన్ని మేకలు. రెండు గొర్రెల వీపుల మీద పసులపోలిగాళ్లు సవారీ. మంద కాళ్ల కింద లేచే పురుగుల కోసం ఆ పిట్టలు అలా తిరుగుతుంటాయి. హైదరాబాదు అబ్బాయి రెండడుగులు వెనక్కి వేసి, పక్కకు పరుగు తీయబోయాడు. గుంపులోని ముందు వరస అంతా ఒక్కసారి బెదిరి గిరుక్కున తిరిగింది. ఎక్కడి నుంచో గొంతు వినిపించింది:

“నిలబడుర్రి బిడ్డా, నిలబడుర్రి! మీరు ఉరికితె అవ్వి గూడ ఉరుకుతయ్.”

నిలబడ్డాం. భుజం మీద గొంగడి, చేతిలో చివరన కత్తి కట్టిన పొడుగాటి కర్ర, ఓ పెద్దమనిషి కంప పక్క నుంచి వచ్చాడు. ఆయన గట్టిగా నడవలేదు, అరవలేదు. మేం కదలకుండా ఉన్న కొద్దిసేపట్లోనే మంద మళ్లీ సర్దుకుని మా చుట్టూ రెండు పాయలుగా చీలి సాగింది. కొన్ని ఆగి చూశాయి. ఒక పొట్టేలు మాస్టారి పంచె అంచు వాసన చూసి, నచ్చక, తుమ్మి పోయింది. అన్ని కళ్లు ఒక్కసారి మనిషిని చూడటం నాకు అదివరకు అనుభవంలో లేదు. ఆ చూపులో పగ లేదు, ప్రేమా లేదు. మేం ఏమిటో, మా వల్ల ప్రమాదం ఉందో లేదో తేల్చుకుంటున్న శ్రద్ధ ఉంది. ఎవరైనా నన్ను అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది.

గొర్రె కంటిని దగ్గరగా ఎప్పుడైనా చూశారా? కనుపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా గీసిన గీతలా ఉంటుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో, ఆ అడ్డగీత వల్ల, తల తిప్పకుండానే దాదాపు చుట్టూరా కనిపిస్తుంది. మరో విశేషం ఉంది. మేత కోసం తల నేలకు వంచినప్పుడు ఆ గీత కూడా నిలువుగా తిరిగిపోవాలి కదా? తిరగదు. గుడ్డు లోపలే తిరిగి గీతను నేలకు సమంగా నిలుపుతుంది. 2015లో అమెరికాలోని బర్కిలీ పరిశోధకులు, ఇంగ్లండులోని సహచరులతో కలిసి, జంతువుల కనుపాపల ఆకారాల మీద చేసిన పనిలో దీన్ని కొలిచి చూపారు. ఎప్పుడూ ఏదో ఒకటి తమను తినడానికి వస్తుందని లక్షల ఏళ్లు కాచుకున్న జాతి కన్ను అది. మేత మేస్తూనే కాపలా కాస్తుంది.

పెద్దాయన మా అబ్బాయిని దగ్గరకు పిలిచి ఒక పాఠం చెప్పాడు. “దాని బుజం తాన నిలబడు. బుజం ఎన్కకు జరిగితె ముందుకు నడుస్తది. బుజం ముందుకు జరిగితె ఎన్కకు మల్లుతది. కొట్టుడెందుకు?” అబ్బాయి ఓ ముసలి గొర్రెతో ప్రయత్నించాడు. ఒకడుగు ఇటు, ఒకడుగు అటు. అచ్చం అలాగే జరిగింది. పశువులను బెదరగొట్టకుండా నడిపించడం మీద జీవితమంతా పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ మాటనే బొమ్మలు గీసి రాసింది. పశువు చుట్టూ ఒక దూరం ఉంటుంది, అందులోకి మనం అడుగుపెడితే అది జరుగుతుంది. భుజం దగ్గర ఒక తూకపు బిందువు ఉంటుంది, దానికి ఏ పక్కన ఉన్నామన్నదాన్ని బట్టి దాని నడక దిశ మారుతుంది. ఆవిడ పుస్తకాలు చదివి ఎందరో రైతులు కర్రలు పక్కన పెట్టారు. ఇక్కడ ఆ చదువు నాన్న నుంచి కొడుక్కి, ఎండలో నడుస్తూ అందింది.

మాస్టారికి అనుమానం వచ్చింది. “పెద్దయ్యా, ఇన్నిట్లో ఏది ఏదో ఎట్ల తెలుస్తది?”

“మీ బడి పిల్లగాండ్లను మీరెట్ల గుర్తువడ్తరు సారూ? మొకం జూస్తె తెల్వదా?”

మాస్టారు తల ఊపాడు. నాకు తెలిసిన ఇంకో మాట అక్కడే చెప్పాను. గుర్తుపట్టడం ఒక్క వైపు నుంచే జరగదు. కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాం సంస్థలో కీత్ కెండ్రిక్ బృందం గొర్రెలకు తోటి గొర్రెల ముఖాల ఫొటోలు చూపి పరీక్షించింది. 50 ముఖాలను గుర్తుపట్టాయి, రెండేళ్ల తర్వాత కూడా మర్చిపోలేదు. 2001లో ‘నేచర్’ పత్రిక దాన్ని ప్రచురించింది. 2017లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు బరాక్ ఒబామా ఫొటోను కూడా గుర్తుపట్టేలా గొర్రెలకు నేర్పగలిగారు. తెలివితక్కువతనానికి పేరుగా మనం ఈ జీవిని వాడుకోవడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. ఒకదాని వెంట ఒకటి వెళ్లడం దానికి మతిలేకపోవడం కాదు. కొమ్మూ కోరా పెద్దగా లేని జీవికి గుంపే రక్ష. గుంపులోంచి విడిపడినదాన్నే తోడేలు ఎత్తుకుపోతుంది.

పెద్దాయన మాటలు వింటూ రొట్టెల మూట విప్పాం. ఆయనకూ పెట్టాం. ఆయన దగ్గర సీసాలో అంబలి ఉంది, మాకు పోశాడు. మోదుగ నీడ పల్చగా ఉంటుంది, ఆకు లేదు కదా. అయినా పూల కింద కూర్చోవాలని బ్యాంకు ఆవిడ పట్టు. మోదుగాకుతో విస్తర్లు కుట్టే ఊళ్లివి, పూలతో కామునికి రంగు కాచే ఊళ్లు కూడా. ఆవిడ రాలిన పూలు ఏరి ఒడిలో పోసుకుంది. ఒక మేక వచ్చి వాటిలో సగం తినేసింది. మేకకూ గొర్రెకూ మేతలో తేడా అక్కడే చూశాం. గొర్రె తల నేల మీదే, గడ్డి పోచ మీదే. మేక ముందు కాళ్లు చెట్టుకు ఆనించి చిగుళ్లు అందుకుంటుంది.

మాకంటే ముందు వెళ్లే హక్కు ఈ మందదే. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఆ రోజు పొద్దుగూకాక ఆ మంద పడుకోబోయేది ఆ చెలకలోనే. రైతు పిలిపించాడు. ఒక్కో రాత్రి ఒక్కో మూల చొప్పున, మంద పొలమంతా పడుకుని లేస్తుంది. పెంట నేలకు చేరుతుంది, దానితోపాటు మూత్రం కూడా చేరుతుంది. కొట్టంలో కట్టేసిన పశువు మూత్రం చాలాసార్లు వృథాగా పోతుంది, ఇక్కడ చుక్క కూడా పోదు. వ్యవసాయ పాఠ్యపుస్తకాల ప్రకారం మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గర ఉంటే, గొర్రె, మేక ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది. గొర్రె గిట్టలు గట్టిపడిన పైమట్టిని చిదిమి ఎరువును తొక్కిపెడతాయి. తొలకరికి ముందు తేలిగ్గా దున్ని కలిపేస్తే చాలు. ట్రాక్టరుతో తోలే పని లేదు, కుప్ప పోసి చల్లే పని లేదు. కాపరికి రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు, ఆ రాత్రులకు తిండి పెడతాడు. గొర్రెకు మోడులూ రాలిన ఆకూ మేతగా దొరుకుతాయి. రైతుకు బలం దొరుకుతుంది. పంట లేని ఆ నాలుగు నెలలు నేల ఊరికే పడి ఉందని బయటివాళ్లం అనుకుంటాం. వచ్చే పంట అక్కడి నుంచే మొదలవుతోంది.

ఈ ఏర్పాటు కుదించుకుపోతోందని చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. బోర్లు పడ్డ చోట ఏడాది పొడుగునా ఏదో ఒక పైరు. కొన్ని చెలకలు మామిడి తోటలయ్యాయి, చుట్టూ జాలీ కంచె. రోడ్డు పక్కవి వెంచర్లయ్యాయి, తెల్లరాళ్లు పాతారు. గుట్టల కింది బంచరాయి, అంటే ఊరి మేతభూమి, తగ్గింది. “ఒకప్పుడు ఇంటికాడికెంచి గుట్ట దాంక సక్కగ పోయేది. ఇప్పుడు సుట్టు తిరిగి సుట్టు తిరిగి పోవాలె” అన్నాడు.

మరోవైపు గొర్రెలు పెరిగాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద గొర్రెలు పంచడం మొదలుపెట్టింది. ఒక్కో యూనిట్‌లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు. పశుగణనలో 2012లో కోటీ 28 లక్షలున్న రాష్ట్రపు గొర్రెలు 2019 నాటికి కోటీ 91 లక్షలయ్యాయి. ఆ గణనలో దేశంలో మొదటి స్థానం మనదే, రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలతో. అంటే దేశంలో ఉన్న గొర్రెల్లో దాదాపు సగం తెలుగు నేల మీదే మేస్తున్నాయి. గొర్రెలు ఇవ్వడం మంచి పనే, కానీ దారి కూడా ఇవ్వాలి. మేతభూమిని లెక్కలోకి తీసుకోకుండా మందను మాత్రం లెక్కపెడితే, ఆ కొరత కాపరి కాళ్ల మీద పడుతుంది. రోజుకు ఇంకో నాలుగు మైళ్లు నడవాల్సింది ఆయనే.

ఆయన భుజం మీది గొంగడి గురించి బ్యాంకు ఆవిడ అడిగింది. అది నాన్న నాటిదట. ఆ మందలో ఇప్పుడు దాని ఉన్ని ఇచ్చే గొర్రెలు లేవు. గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో నేస్తారు, ముతక ఉన్ని, ఎక్కువగా నలుపు. కురుమలే కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసేవాళ్లు. మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని, తొందరగా ఎదిగే నెల్లూరు జాతి పొట్టేళ్లు మందల్లోకి వచ్చాయి. తరాలు తిరిగేసరికి ఉన్ని పోయింది. వానకు, చలికి, ముళ్లకు, రాళ్ల మీద పడకకు ఒకే ఒక్క బట్ట అది. దాన్ని వేసుకునే మనిషికి ఇప్పుడు అది దొరకదు, పట్నంలో దాన్ని గోడకు అలంకారంగా వేలాడదీసుకుంటున్నాం. నాకు ఇది బాధ కలిగిస్తుంది. దక్కనీ మందలను నిలబెట్టుకోవాలని పట్టుదలగా ఉన్న కురుమలు అక్కడక్కడా ఇంకా ఉన్నారు, వాళ్లకు నా దండం.

ఎండ నెత్తికెక్కింది. దూరంగా కొమురవెల్లి వైపు నుంచి డోలు చప్పుడు గాలిని బట్టి వినిపిస్తూ పోతూ ఉంది. సంక్రాంతికి మొదలైన మల్లన్న జాతర ఉగాది దాకా సాగుతుంది, ఆదివారాలు మరీ జనం. మల్లన్నకు ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. మంద కాచే ఇంటి ఆడబిడ్డను పెళ్లాడిన దేవుడు ఈ చెలకల మధ్య గుట్ట మీద కూర్చోవడం నాకు ఎంతో సబబుగా కనిపిస్తుంది. పెద్దాయన ఆ వైపు తిరిగి చేతులు జోడించి, మళ్లీ మందలో పడ్డాడు.

మేం లేచే ముందు ఒక దృశ్యం. పొద్దున ఈనిన పిల్లలను ఆయన మనవడు పెద్ద వెదురు గంపల కింద ఉంచాడు. గంప ఎత్తగానే పదీ పదిహేను పిల్లలు ఒకేసారి అరుస్తూ మందలోకి ఉరికాయి. తల్లులూ అరుస్తున్నాయి. ఎవరికి ఎవరో తేలదనుకున్నాం. ప్రతి గొర్రే దగ్గరికొచ్చిన పిల్లను వాసన చూసింది, తనది కాకపోతే తలతో నెట్టింది, తనదైతే కదలకుండా నిలబడింది. ఈనిన తొలి గంటల్లోనే తల్లి పిల్ల వాసన పట్టేస్తుంది, ఆ తర్వాత గొంతు. చూస్తుండగానే అరుపులు తగ్గి, తోకలు ఊగుతూ పిల్లలన్నీ పాలు తాగుతున్నాయి. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, దుమ్మంటూ. మేమెవ్వరం ఆ మాట నమ్మలేదు, ఆయనా మమ్మల్ని నమ్మించాలని చూడలేదు.

మీరూ వెళ్లేటట్టయితే ఫాల్గుణం దాటనివ్వకండి. సూర్యోదయానికి బయల్దేరండి, టోపీ, నీళ్లు మర్చిపోకండి. పంట ఉన్న మడిలో కాలు పెట్టొద్దు. మంద ఎదురొస్తే ఆగండి, మాట్లాడుకోవడం తగ్గించండి, దానికి దారి వదలండి. మీ కుక్కను తీసుకెళ్లొద్దు, మందతో ఉండే కుక్కలు దాన్ని ఒప్పుకోవు. పిల్లలను ఎత్తుకుని ఫొటోలు దిగాలనిపిస్తుంది, కాపరిని అడగకుండా ముట్టుకోకండి. కాపరి పక్కన ఓ పావుగంట కూర్చుంటే చాలు, ఆయనకు తీరిక ఉంటే మీకు ఇంతకంటే ఎక్కువే చెబుతాడు.

ఇక మీ వంతు. మీ వైపు ఇంకా చేలల్లో మంద పెట్టిస్తున్నారా? పెట్టిస్తే ఎన్ని రాత్రులు, కాపరికి ఇచ్చేది ధాన్యమా, డబ్బా? ముఖ్యంగా పాలమూరు, అనంతపురం పాఠకులు రాయాలి, మీ దగ్గర పెద్ద మందలు ఉంటాయి కనుక.